జ్వరం లేనివాడి రక్తం

జగదల్‌పూర్ నుంచి సుక్మా వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి మీద దర్భా, జీరం ఘాటీ దాటాక తోంగ్‌పాల్ వస్తుంది. అదే రోడ్డు పట్టుకుని కిందికి దిగితే కుంట, చింతూరు, భద్రాచలం. అందుకే బస్తర్‌లోని ఈ ఊళ్లో తెలుగు మాట వినబడటం వింతేమీ కాదు. అడవి సరుకు కొనడానికి వచ్చి ఇక్కడే నిలబడిపోయిన ఇళ్లలో ఒకటి ఈ సంవాదంలోని బావది. సొంత ఊరు భద్రాచలం, వ్యాపారం చింతపండు. చిన్నప్పుడే బాప్తిస్మం అయింది. గుడి మొహం చూసి చాలా ఏళ్లయినా బైబిలు మాత్రం మరిచిపోలేదు. బావమరిది కొత్తగూడెం దగ్గర పాస్టరు. జగదల్‌పూర్‌లో ఎర్ర ఇటుకల లాల్ చర్చిలో ఏదో సభకు వచ్చి, వెళ్తూ వెళ్తూ అక్కను చూసిపోదామని దిగాడు. అన్నం ముందు ప్రార్థన చేశాడు. చేతులు కడుక్కున్నాక గొడవ మొదలైంది.

బావ: ప్రార్థనలో ఏదో అన్నావే, కంటికి కనబడేదాన్ని బట్టి కాకుండా విశ్వాసంతో మనుషుల్ని చూసే మనసు ఇమ్మని. ఆ మనసు నాకు మాత్రం ఇవ్వొద్దని చెప్పు మీ దేవుడికి.

పాస్టరు: మీ దేవుడంటారేంటి బావా? మీరూ ఆ నీళ్లలో మునిగినవారేగా.

బావ: మునిగాను, తేలాను. ఈ రోడ్డు మీద నన్ను బతికించింది ఈ రెండు కళ్లేరా. 2013 మే 25న కాంగ్రెస్ నాయకులు సుక్మాలో సభ ముగించుకుని ఈ ఊరి మీదుగానే వెళ్లారు. జీరం ఘాటీలో మావోయిస్టుల దాడి జరిగింది. మహేంద్ర కర్మ, నందకుమార్ పటేల్ పోయారు, విద్యాచరణ్ శుక్లా గాయాలతో ఆసుపత్రిలో పోయాడు. మొత్తం పాతికమందికి పైగా. ఏడాది తిరక్కుండానే, 2014 మార్చి 11న తహక్‌వాడ దగ్గర పదిహేనుమంది జవాన్లు, వాళ్లతో పాటు ఒక మామూలు మనిషి. ఆ రోజుల్లో సంతలో కొత్తవాడు కనబడితే ఎలా చూసేవాళ్లం అనుకున్నావు? భుజాన సంచి ఎంత బరువుగా వేలాడుతోంది, కాళ్లకు చెప్పులు ఏం రకం, హల్బీ మాట్లాడితే యాస ఎటువైపుది. విశ్వాసపు కళ్లు కొత్తగూడెంలో ఫ్యాను కింద కూర్చున్నవాడికి బాగుంటాయి.

పాస్టరు: అలా చూసి ఎంతమందిని తప్పుగా అంచనా వేసి ఉంటారు?

బావ: ఎవడు లెక్క పెట్టాడు? తప్పుగా అనుమానిస్తే నాకు పోయేదేం లేదు. తప్పుగా నమ్మి ఉంటే ఇవాళ నీతో ఇలా మాట్లాడేవాణ్ణి కాదు.

పాస్టరు: అదే నేననేది. తప్పుగా నమ్మితే నష్టం మీది, తప్పుగా అనుమానిస్తే నష్టం వాడిది. మీ పుస్తకంలో వాడి నష్టానికి పద్దే లేదు. ఇన్ఫార్మరని అటువాళ్లు చంపినవాళ్లూ, అన్నలకు అన్నం పెట్టాడని ఇటువాళ్లు జైల్లో వేసినవాళ్లూ ఈ చుట్టుపక్కల తక్కువమందా? వాళ్లందరినీ కూడా ఎవరో కళ్లతోనే చూసి తేల్చారు కదా.

(బావ దీనికి వెంటనే జవాబివ్వలేదు, పక్కా సేల్స్‌మన్‌లా మాట మార్చాడు. మంచి వ్యాపారికి ధర కుదరనప్పుడు సరుకు మార్చడం తెలుసు.)

బావ: సరే, సరుకు సంగతి చెప్తా. గంపలో చింతపండు తెస్తారు. పైన ఎర్రగా, మెత్తగా నిగనిగలాడుతుంది. నేను పైన చూడను. మోచేయి దాకా చెయ్యి దూర్చి అడుగున ఉన్నది తీస్తా. చెమ్మ తగిలితే నీళ్లు చల్లారని, గరగరమంటే ఇసుక కలిసిందని. అక్కడ కూడా నేను కనబడేదాన్ని నమ్మడం లేదు. కానీ దానికి దేవుడితో పనేముంది? చెయ్యి ఉంటే చాలు.

పాస్టరు: చింతపండుకైతే మోచేయి దాకా దూరుస్తారు, మనిషి దగ్గరికొచ్చేసరికి చెప్పులు చూసి ఆగిపోతారు. నాకు అర్థం కానిది అదే. సమూయేలు ప్రవక్త సంగతి తెలుసుగా. యెష్షయి ఇంటికి రాజును వెతకడానికి వెళ్లాడు. పెద్దకొడుకు ఏలీయాబు పొడుగూ దేహమూ చూసి వీడే అనుకున్నాడు. అంతకుముందు ఊరందరికన్నా పొడుగున్న సౌలును రాజును చేసి తలబొప్పి కట్టించుకున్నవాడే మళ్లీ పొడుగే చూశాడు. దేవుడు ఆపితే గానీ ఆగలేదు.

బావ: కథ సగంలో ఆపకు. ఆఖరికి దావీదును తీసుకొస్తే ఏం రాసి ఉంది? ఎర్రగా, అందమైన కళ్లతో, చూడముచ్చటగా ఉన్నాడని. రూపం ముఖ్యం కాదని చెప్పడానికి మీ దేవుడికి అందగాడే దొరికాడా?

పాస్టరు (నవ్వి): దొరికాడు. అందం ఉండటం తప్పని ఆ కథ చెప్పదు. నన్ను ఎప్పుడూ పట్టుకునేది వేరే సంగతి. ఏడుగురు కొడుకుల్ని వరసగా నిలబెట్టిన తండ్రి ఎనిమిదోవాణ్ణి పిలవనే లేదు. గొర్రెల దగ్గర ఉన్నాడు, వాడెందుకు అనుకున్నాడు. చూసి కాదనడం ఒక ఎత్తు, అసలు చూపుకే తీసుకురాకపోవడం ఇంకో ఎత్తు. మీరు సంతలో కొత్తవాళ్లని అంత జాగ్రత్తగా చూశానంటున్నారు. మీ గోడౌన్‌లో పదేళ్లుగా చింతగింజలు కొట్టే ధుర్వా తెగ ఆడవాళ్లను ఎప్పుడైనా చూశారా?

బావ: ఎందుకు చూడలేదు? కిలోకి ఇంతని లెక్క కట్టి ఇస్తున్నాగా.

పాస్టరు: ఒకామె పేరు చెప్పండి.

(లోపల్నుంచి అక్క రెండు పేర్లు చెప్పింది. బావ అది లెక్కలోకి రాదన్నట్టు చెయ్యి ఊపాడు. నా దృష్టిలో మొత్తం సంవాదంలో నెగ్గినది ఆ అక్కే. కానీ ఆవిడ వాదనలో లేదు, వంటింట్లో ఉంది.)

బావ: పేర్లు తెలిస్తే విశ్వాసమా? అలాగైతే మీ అక్క పెద్ద అపొస్తలురాలు. సరే, మనుషుల్ని వదిలెయ్. పరిస్థితుల సంగతి చూద్దాం. మీవాళ్లతో నాకు అసలు పేచీ అక్కడే. పిల్లకు రక్తం లేదు, తెల్లగా పాలిపోయింది. మీ పాస్టరు వచ్చి, కనబడేదాన్ని చూడకు, విశ్వాసంతో చూడు, స్వస్థత అయిపోయిందని నమ్ము అంటాడు. ఈ అడవిలో చాలామంది గుడికి వచ్చిందే జబ్బు నయమవుతుందని. నయమైతే దేవుడి మహిమ, కాకపోతే విశ్వాసం చాల్లేదు. రెండు వైపులా పదునే.

పాస్టరు: అలాంటివాళ్లు ఉన్నారు. వాళ్ల మీద నాకు మీకన్నా ఎక్కువ కోపం.

బావ: కోపం సరే. ఆ పరిస్థితిని ఏం మార్చిందో చెప్పనా? 2020 జనవరిలో మలేరియా ముక్త్ బస్తర్ అని ప్రభుత్వం మొదలుపెట్టింది. మితానిన్‌లు, అంటే ఊరి ఆరోగ్య కార్యకర్తలు, నర్సులు ఇల్లిల్లూ తిరిగారు. జ్వరం ఉన్నవాళ్లనే కాదు, అందరినీ. నా వేలికీ సూది గుచ్చారు. చుక్క రక్తం కిట్ మీద వేసి పావుగంట కూర్చోబెట్టారు. నాకు ఒక్కటే గీత వచ్చింది. నా పక్కన హమాలీ, బస్తా భుజాన వేసుకుంటే ఎద్దులా నడిచేవాడు, వాడికి రెండు గీతలొచ్చాయి. వాడు నమ్మలేదు, నాకేం జ్వరం అన్నాడు. ముందు ఏదో తినిపించి, మాత్ర తమ కళ్లెదుటే మింగించారు. మొదటి విడతలో పాజిటివ్ వచ్చినవాళ్లలో సగానికి పైగా జ్వరమే లేనివాళ్లట! కనబడేదాని వెనక్కి చూడటమంటే అదిరా. దానికి కిట్ కావాలి. ప్రార్థనకి ఆ రెండో గీత కనబడదు.

పాస్టరు: కిట్‌కు నేను వ్యతిరేకిని కాను బావా. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు ఏమడిగారు? వీడు పాపం చేశాడా, వీడి అమ్మానాన్నలా అని. వాళ్లకు మనిషి కనబడలేదు, కేసు కనబడింది. యేసు ఆ ప్రశ్ననే పక్కన పెట్టేశాడు. మట్టి కలిపి కళ్లకు రాసి, సిలోయము కోనేటికి పోయి కడుక్కోమన్నాడు. చేతికి మట్టి అంటకుండా ఏమీ చెయ్యలేదు. జ్వరం లేనివాడి రక్తం కూడా చూడాలని ఎవరో ఒకరు అనుకున్నారు చూడండి, ఆ అనుకోవడం కిట్‌లోంచి రాలేదు. కిట్ అంతకుముందూ ఉంది. అడిగి వచ్చినవాడికే, ఒళ్లు కాలుతున్నవాడికే వాడేవాళ్లు.

బావ: అది లెక్కలు తెలిసిన డాక్టర్ల ఆలోచన. నీ ఖాతాలో వేసుకోకు.

పాస్టరు: వేసుకోను. ఆరోగ్యంగా కనబడేవాడి గుమ్మం కూడా తొక్కాలి అన్న పని నాకూ వాళ్లకూ ఒకటే అంటున్నా, అంతే.

బావ: ఇలా ఎక్కడికక్కడ మంచిదంతా మాదే అంటే నీతో వాదించేదెలా? ఇదిగో, ఇక్కడికి దగ్గర్లోదే చెప్తా, ఇది నీ ఖాతాలోకి రాదు. ఛింద్‌వాడ. ఈ దర్భా తహసీలే. 2025 జనవరి 7న ఒక పాస్టరు చనిపోయాడు. మహరా కులం. ఊరి శ్మశానంలో పూడ్చొద్దన్నారు, సొంత పొలంలోనూ వద్దన్నారు. కొడుకు హైకోర్టుకు పోయాడు, కాదన్నారు. సుప్రీంకోర్టుకు పోయాడు. తండ్రిని పూడ్చుకోవడానికి ఒక మనిషి ఢిల్లీ దాకా రావాల్సి వచ్చిందా అని జడ్జీలే బాధపడ్డారు. శవం అప్పటిదాకా జగదల్‌పూర్ మెడికల్ కాలేజీ మార్చురీలో. తీర్పు జనవరి 27న. ఇరవై రోజులు.

పాస్టరు: తెలుసు. మా దగ్గర ప్రతి గుడిలోనూ ఆ ఇరవై రోజులూ దాని మాటే.

బావ: తీర్పు కూడా తెలుసా? ఇద్దరు జడ్జీలకు ఇద్దరూ వేరు వేరు. జస్టిస్ నాగరత్న సొంత పొలంలో పూడ్చుకోనివ్వాలన్నారు. జస్టిస్ సతీశ్‌చంద్ర శర్మ, కేటాయించిన చోటే పూడ్చాలన్నారు. మళ్లీ పెద్ద బెంచికి పోతే శవం ఇంకెన్నాళ్లుండాలని, 142వ అధికరణం కింద ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న కర్కాపాల్ క్రైస్తవ శ్మశానంలో పోలీసు కాపలాతో పూడ్చమన్నారు. ఇప్పుడు నా ప్రశ్న. ఆ ఊరివాళ్లు రూపం చూసి వద్దన్నారా? లేదు. వాళ్లకూ విశ్వాసమే. మాటి అంటారు, భూమి తల్లి. వేరే దేవుణ్ణి పట్టుకున్నవాణ్ణి ఆ తల్లి ఒడిలో పెడితే ఊరికి అరిష్టమని. కంటికి కనబడని దాన్ని చూసే కదా కంటి ఎదురుగా ఉన్న శవాన్ని కాదన్నారు. నువ్వు విశ్వాసపు కళ్లద్దాలు పెట్టుకోమంటావు. వాళ్లు పెట్టుకున్నారు. నాలాంటి నమ్మకం లేనివాడైతే ఏం చూసేవాడు? పోయిన మనిషి, ఏడుస్తున్న కొడుకు, ఆరడుగుల గొయ్యి. అంతే. పని అయిపోయేది.

(ఇక్కడ పాస్టరు చాలాసేపు మాట్లాడలేదు. మామూలుగా ఇలాంటి చర్చల్లో విశ్వాసి పక్షం చేసేది ఏమిటంటే, మాది నిజమైన విశ్వాసం, వాళ్లది మూఢనమ్మకం అని గీత గీసేయడం. ఆయన ఆ దారి తొక్కలేదు, అందుకే ఈ సంవాదం రాస్తున్నాను.)

పాస్టరు: ఒక్క సంగతి చెప్తా, గెలవడానికి కాదు. ఆ కుటుంబం కోర్టుకు చెప్పిందాని ప్రకారం, చనిపోయినాయన తండ్రిని కూడా అదే శ్మశానంలో పూడ్చారు. ఒక ఆడమనిషిని కూడా. వాళ్లూ క్రైస్తవులే. మరి అప్పుడు ఆ మాటికి రాని కోపం ఇప్పుడెందుకొచ్చింది? మట్టి అదే, ఊరు అదే. ఈ పదేళ్లలో ఆ ఊరి కళ్లకు ఎవరో ఒక మాట తగిలించిపోయారు. ముందు మహరా ఇంటి పెద్దాయన కనబడేవాడు, ఇప్పుడు మతం మారినవాడు కనబడుతున్నాడు. మీరు దాన్ని విశ్వాసమంటున్నారు. నాకది కూడా చెప్పులు చూసి మనిషిని తేల్చడంలాగే ఉంది.

బావ: బాగానే తిప్పావు. మరి మీ వైపో? కొత్తగూడెంలో మీ శ్మశానంలో, బాప్తిస్మం తీసుకోని గుత్తికోయ కూలీ పోతే చోటిస్తారా?

పాస్టరు: ...కమిటీ ఉంటుంది.

బావ: కమిటీ! ఛింద్‌వాడలో దాన్నే గ్రామసభ అంటారు. పోనీ, బాప్తిస్మం తీసుకున్న మాల, మాదిగ ఒకే గుడికి పోతున్నారా మన ఊళ్లలో? శ్మశానం ఒకటేనా?

పాస్టరు: కొన్నిచోట్ల ఒకటే. చాలాచోట్ల కాదు. బంగారు ఉంగరం పెట్టుకొచ్చినవాణ్ణి కుర్చీలో, మాసిన బట్టలవాణ్ణి నేల మీద కూర్చోబెడతారేంటని యాకోబు పత్రికలో గద్దించింది గుడి బయటివాళ్లను కాదు, గుడిలోవాళ్లనే. రెండు వేల ఏళ్లయింది, ఇంకా ఆ ఉత్తరం మాకే వస్తోంది.

బావ: ఇంకోటి. 2022 నవంబరులో మీ చంద్రుగొండ వైపు బెండాలపాడులో ఫారెస్టు రేంజరును చంపారు. చేసింది ఇద్దరు. ఆ తర్వాత గుత్తికోయలందరినీ ఊళ్లోంచి పంపించేయాలని పంచాయతీ తీర్మానం చేసింది. ఎవరు వాళ్లు? 2005లో మావోయిస్టుల మీద సల్వా జుడుం మొదలయ్యాక ఇక్కణ్ణుంచే, ఈ సుక్మా, బీజాపూర్ వైపు నుంచే పారిపోయి వచ్చినవాళ్లు. మీ మిర్చి తోటల్లో కాయ కోసేది వాళ్లే. ఆ తర్వాతి ఆదివారం నీ గుడిలో ఏం ప్రసంగం చేశావు?

పాస్టరు: రేంజరు కుటుంబం కోసం ప్రార్థించాం.

బావ: చెయ్యాల్సిందే. గుత్తికోయల కోసం?

పాస్టరు: ఆ వారం కాదు. బావా, బేత్సయిదాలో ఒక గుడ్డివాడి సంగతి ఉంది. యేసు మొదటిసారి ముట్టుకున్నాక ఏం కనబడుతోందని అడిగితే, మనుషులు కనబడుతున్నారు, కానీ నడిచే చెట్లలా ఉన్నారన్నాడు. ఆయన మళ్లీ ముట్టుకోవాల్సి వచ్చింది. స్వస్థతలన్నిట్లోకీ ఒక్క దెబ్బతో అవ్వనిది అదొక్కటే. గుడ్డివాడికి చూపు రావడం కష్టం కాదేమో. చూపొచ్చిందనుకునేవాడికే ఎదుటివాడు మనిషిగా కనబడటం ఆలస్యం. నా గుడిలో సగంమంది, ఒక్కోసారి నేనూ, మొదటి ముట్టుకోవడం దగ్గరే ఉన్నాం. గుత్తికోయ మాకు కనబడేది ఒక ఆత్మగానో, ఒక కూలీగానో, ఒక భయంగానో. ఇంకా చెట్లే.

బావ: అంత ఒప్పుకున్నాక నీతో ఏం కొట్లాడతాను! అయితే ఒక పని అప్పజెప్తా, నీ విశ్వాసంతో తేల్చు. 2025 అక్టోబరు 17న జగదల్‌పూర్‌లో రెండు వందలమందికి పైగా మావోయిస్టులు లొంగిపోయారు. గులాబీలు, రాజ్యాంగం పుస్తకాలు చేతికిచ్చి ఫొటోలు తీశారు. అంతకుముందు లొంగిపోయినవాడు ఒకడు, ఇక్కడికి దగ్గరివాడే, నా గోడౌన్‌లో పని అడుగుతున్నాడు. కుర్రాడు. మీ అక్క పెట్టుకోమంటోంది. నువ్వు చెప్పు.

పాస్టరు: అననీయ సంగతి గుర్తుందిగా. దమస్కులో. క్రైస్తవుల్ని పట్టుకెళ్లే సౌలు దగ్గరికి పొమ్మంటే, వాడు ఎంతమందిని పట్టించాడో నాకు తెలుసు ప్రభువా అన్నాడు. మీరు ఇప్పుడు అనబోయేదే. తెలిసి తెలిసీ వెళ్లాడు. తల మీద చెయ్యి పెట్టి, సోదరుడా అని పిలిచాడు. ఆ మాట అన్నప్పటికి సౌలు మారాడనడానికి ఆయన చేతిలో ఏ రుజువూ లేదు.

బావ: ఆయనకు దర్శనం వచ్చింది. నాకు రాలేదు. లొంగిపోయినవాళ్లు పోలీసుల దళం డీఆర్‌జీలో చేరి పాత స్నేహితుల మీదకే తుపాకీ పట్టుకుపోవడం చూశాను. రెండు వైపులా వాడి మీద కన్నేసి ఉంచేవాళ్లున్నారు. వాడు నా దగ్గర ఉంటే ఆ కళ్లు నా గోడౌన్ మీద కూడా పడతాయి.

పాస్టరు: అది నిజమైన ప్రమాదం. లేదని నేననను. కళ్లు మూసుకుని పెట్టుకోమని కూడా అనను. అడుగు దాకా చెయ్యి పెట్టి చూడండి, మీకొచ్చిన విద్యే. వాళ్లమ్మ ఎక్కడుంది, ఏ ఏట అడవిలోకి పోయాడు, ఎందుకు పోయాడు, తమ్ముళ్లున్నారా, చదవడం వచ్చా, అడగండి. ఇంతవరకూ ఒక్కటైనా అడిగారా?

బావ: లొంగిపోయినవాడని చెప్పారు. ఇంకేం అడగాలి?

పాస్టరు: ఇంకా అడగాల్సిందంతా అక్కడే మొదలవుతుంది.

బావ: సరే, అడుగుతా. అడిగాక కూడా తూకం దగ్గర పెట్టను. మోత పని. డబ్బు పెట్టె వైపు రానివ్వను. ఏడాది చూస్తా. నువ్వైతే నీ గుడిలో కానుకల పెట్టె వాడి చేతికిస్తావా?

పాస్టరు: మొదటి ఆదివారం ఇవ్వను.

బావ: మరి నాకు చెప్తావేంట్రా?

పాస్టరు: పెట్టె సంగతి కాదు నేను చెప్పేది. పని. కూలి ఎంతిస్తారు?

బావ: మిగతా హమాలీలకు ఇచ్చేదే. తక్కువిస్తే వాళ్లు నాతో గొడవకొస్తారు, రేపు వాళ్లకూ తగ్గిస్తానని.

పాస్టరు: అన్నం?

బావ: అది మీ అక్కనడుగు. నా చేతిలో లేదు.